పదో తరగతితో మన ఏడాది: పూర్వ విద్యార్థుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఉన్న కొద్దిపాటి నిధిని అన్ని తరగతులకూ తలా కొంచెం పంచకుండా, పదో తరగతి మీదే పెట్టాలని నిరుటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం మన ఉన్నత పాఠశాలలో ఆ తరగతి చదివిన 34 మంది పిల్లల గురించే ఉంటుంది.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఉత్సాహంగా జరిగింది. ఆ వెంటనే వానలు ముంచెత్తాయి. బుడమేరు వరదలో విజయవాడ సింగ్‌నగర్ మునిగిందని తెలిసిన రోజున పిల్లలే ముందుకొచ్చి, ఉపాధ్యాయ దినోత్సవానికి పోగు చేసుకున్న డబ్బుతో బియ్యం, దుప్పట్లు పంపుదామన్నారు. ఆ సెప్టెంబరు 5న బడిలో దండలు లేవు, మిఠాయిలు లేవు. గురువులకు అంతకంటే మంచి కానుక ఉంటుందని నేను అనుకోను.

ఇక చదువు సంగతి. ఈ ఏడాదే పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యప్రణాళిక, ఇంగ్లీషు మాధ్యమం వచ్చాయి. పిల్లలకు లెక్క వచ్చు. ప్రశ్న ఏమి అడుగుతోందో అర్థం కాక ఆగిపోయేవారు. దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టిన సాయంత్రపు తరగతుల్లో, పదవీ విరమణ చేసిన మన లెక్కల మాస్టారు ప్రశ్నను ముందు తెలుగులో చెప్పించి, తర్వాతే పలక మీద రాయించారు. త్రికోణమితి అనువర్తనాలను మాత్రం ఆయన గదిలో చెప్పలేదు. కోణమానినికి దారం, దారానికి చిన్న రాయి కట్టించి పిల్లలను ఊరి మంచినీళ్ల ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లారు. ట్యాంకు కొస 45 డిగ్రీల కోణంలో కనిపించే చోటు దొరికేదాకా వెనక్కి నడిచి, అక్కడి నుంచి దూరం కొలిచి, దానికి తమ కంటి ఎత్తు కలుపుకున్నారు. ఆ పూట ట్యాంకు ఎత్తు తేల్చినవాళ్లెవరూ టాన్ విలువను మళ్లీ మరచిపోలేదు.

నవంబరులో అసలు చిక్కు వచ్చిపడింది. అయిదున్నర దాటగానే చీకటి. కాలువ గట్టు వెంట శివారు ఊళ్లకు వెళ్లాల్సిన ఆడపిల్లలు ఒక్కొక్కరే సాయంత్రపు తరగతి మానేశారు. తల్లిదండ్రులకు చదువు మీద అయిష్టం లేదు, వారి భయమంతా ఆ దారి గురించే. డిసెంబరు 7న బడిలో తల్లిదండ్రుల ఆత్మీయ సమావేశం జరిగినప్పుడు వారితో నేరుగా మాట్లాడాం. ఆటోలున్న మన సభ్యులిద్దరు వంతులవారీగా పిల్లలను గుమ్మం దాకా దిగబెడతామని మాట ఇచ్చి, పరీక్షల దాకా నిలబెట్టుకున్నారు. ఈ ఏడాది మన ఖర్చులో పెద్ద పద్దు ఆ ఆటోల ఇంధనమే. బల్లలో, ఫ్యానులో కొంటే కంటికి కనిపించేవి కదా అని కొందరు సభ్యులు అడిగారు. ఆ ఆటోలు లేకపోతే తొమ్మిది మంది ఆడపిల్లలకు సాయంత్రపు చదువే లేదన్నది నా సమాధానం.

సంక్రాంతి ముందు కైకలూరు దగ్గరి ఆటపాకకు విహారయాత్ర వెళ్లాం. కొల్లేటిలో అటవీ శాఖ నిలిపిన ఇనుప మంచెల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని పిల్లలకు మేత పెడుతుంటే, పడవలో అంతసేపూ ఎవరూ నోరు మెదపలేదు. వీడ్కోలు సభ ఎప్పటిలాగే భోజనాలతో, కన్నీళ్లతో ముగిసింది.

మార్చి 17న పరీక్షలు మొదలయ్యాయి. ఏప్రిల్ 23న ఫలితాలు వచ్చాయి. పరీక్ష రాసిన 33 మందిలో 28 మంది ఉత్తీర్ణులయ్యారు. తప్పిన అయిదుగురికి వేసవిలోనూ మాస్టారు పాఠాలు ఆపలేదు. మే నెల సప్లిమెంటరీలో నలుగురు గట్టెక్కారు. సాయంత్రపు తరగతికి తిరిగి వచ్చిన ఆ తొమ్మిది మందీ మొదటిసారే పాసయ్యారు.

పరీక్షకు రాని ఆ ఒక్క అబ్బాయి రొయ్యల చెరువు దగ్గర కాపలా పనిలో ఉన్నాడు. కార్యవర్గం రెండుసార్లు వెళ్లి కలిసింది. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా చదువుతానని రెండోసారి ఒప్పుకున్నాడు. రుసుము సంఘం కడుతుంది. ఆటో నడిపిన సభ్యుల్లో ఒకరు ఉపాధి కోసం హైదరాబాదు వెళ్తున్నారు. నవంబరు లోపు ఆయన వంతు తీసుకోగలవారు కార్యవర్గానికి పేరు ఇవ్వగలరు.

కార్యదర్శి