ఆ రందా సంగతి

చిన్నీకి,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలు ఫరవాలేదు, మెట్లు దిగేటప్పుడే కాస్త పట్టేస్తోందంటున్నారు. నీ ఫోన్ వచ్చి ఇరవై మూడు రోజులైంది. పని ఎక్కువై ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ ఉన్నాను. మొన్న రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో చెక్క చిత్రిక పట్టే రందా ఫోటో ఒకటి, కింద ఒక్క లైను: "అమ్మా, ఈ రందాకు ఆరున్నర వేలు అడుగుతున్నాడు, వందేళ్ళు దాటిన స్టాన్లీ కంపెనీది అంటున్నాడు, పెట్టొచ్చా?" అంతే. ఎలా ఉన్నావో లేదు, తిన్నావో లేదు. అయినా ఆ లైను పదిసార్లు చదువుకున్నాను.

ఇంత సంగతి ఫోన్‌లో టైప్ చేయడం నా వల్ల కాదు. కాగితం మీద రాసి బుజ్జిగాడితో ఫోటోలు తీయించి పంపుతున్నాను. మల్కాజిగిరి పిన్ని ఏదో అంది, అది తర్వాత చెప్తాను. ముందు రందా.

ఫోటో పెద్దది చేసి చూశాను. ముక్కు దగ్గర, అంటే ముందు కొసన, 5 అని పోత పోసి ఉంది. అంటే జాక్ ప్లేన్ అనే రకం, 14 అంగుళాల పొడవు, రెండంగుళాల బ్లేడు. మొదటి రందాగా మంచి సైజే. అమ్మేవాడు వందేళ్ళు దాటిన స్టాన్లీ అన్నాడని రాశావు. బ్లేడును అదిమిపట్టే లివర్ క్యాప్ ఉంటుందే, దాని చిల్లు చూడు, చిక్కుడు గింజలా వంపు తిరిగి ఉంది. స్టాన్లీ వాళ్ళు ఆ ఆకారం 1933లో తెచ్చారు. అంతకు ముందు వాటికి తాళంచెవి రంధ్రంలా ఉండేది. అయితే ఆ ఒక్క ముక్క ఎవరైనా మార్చి ఉండొచ్చు. అందుకని బ్లేడు తీయించి, అది ఆనుకునే ఫ్రాగ్ వెనక చూడు. అక్కడ పేటెంటు తేదీలు మూడుంటే, 1902వి రెండు, 1910ది ఒకటి, అప్పుడు వాడి మాట నమ్మొచ్చు. ఇవన్నీ నాకు మీ తాత చెప్పినవి కావు, రెండు రాత్రులు కూర్చుని చదివాను. మీ తాతకు తేదీలతో పని లేదు, చెక్క మీద ఎలా నడుస్తుందన్నదే చూసేవాడు. నువ్వు కూడా అలమారాలో పెట్టుకోవడానికి కొనడం లేదు కదా? పని చేయడానికే కదా? వారానికి ఎన్ని రోజులు చేస్తున్నావు ఆ పని?

నాకు నచ్చనిది రంగు. పక్కల మీద కూడా నల్లగా తళతళలాడుతోంది. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు లోపలే నల్ల పూత ఉంటుంది, పక్కలూ అడుగూ తెల్లటి ఇనుముగానే ఉంటాయి. మరి పక్కలకు రంగెందుకు కొట్టినట్టు?

1983లో, నేను ఆరో తరగతిలో ఉండగా, మీ తాత ఒక గురువారం సెలవు పెట్టి పెద్ద మామయ్యనూ నన్నూ జుమ్మేరాత్ బజార్‌కు, ఆ పాత సామాన్ల సంతకు, తీసుకెళ్ళాడు. మామయ్య అప్పుడే అప్రెంటిస్‌గా చేరాడు, స్టైపెండ్ డబ్బులు జేబులో ఉన్నాయి. గోనెపట్టా మీద రెండు రందాలు. ఒకటి కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది, అరవై రూపాయలు. ఇంకోటి ఎర్రగా తుప్పు పట్టి ఉంది, ముప్పై ఐదు. మామయ్య చేయి మెరిసేదాన్నే పట్టుకుంది. తాత ఏమీ అనలేదు. అమ్మేవాణ్ణి అడిగి రెండింటి బ్లేళ్ళూ ఫ్రాగ్‌లూ ఊడదీసి, ఒక్కోదాన్నీ పిడి పట్టి వేలాడదీసి మేకుతో తట్టాడు. తుప్పుది గుడిగంటలా ఖంగుమంది. మెరిసేది టప్‌మని ఊరుకుంది. తర్వాత సంచిలోంచి కిరోసిన్ గుడ్డ తీసి మెరిసేదాని అడుగున, బ్లేడు బయటికి వచ్చే నోటి మూల దగ్గర తుడిచాడు. పొడి గుడ్డతో మళ్ళీ తుడిచి, సుద్దముక్క రుద్దాడు. ఇరుసుల్లో పగుళ్ళు చూడటానికి లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో నేర్చుకున్నాడట. నేను గొంతుక్కూర్చుని చూస్తున్నాను. తెల్లటి సుద్ద మీద నోటి మూల నుంచి పక్కకు వెంట్రుకంత తడిగీత నెమ్మదిగా పైకి తేలింది. పగుల్లోకి దిగిన కిరోసిన్ అది.

అంత చూశాక కూడా మామయ్య మెరిసేదే కొన్నాడు. తన డబ్బు, తన ఇష్టం అన్నాడు. తాత ముప్పై ఐదుది కొన్నాడు. బస్సులో ఇద్దరూ మాట్లాడుకోలేదు. రెండు నెలలకు టేకు ముడి మీద పడి మామయ్య రందా పక్క నోటి దగ్గర విరిగిపోయింది. ఆ సంగతి చెప్పడానికి మొహం చెల్లక వాడు ఇంటికే రాలేదు. స్నేహితుడి గదిలో ఉండిపోయాడు, పదహారు రోజులు. అమ్మమ్మ రోజూ వాడి కంచం కడిగి బోర్లించేది. పదిహేడో రోజు తాత డ్యూటీ దిగి నేరుగా ఆ గదికి వెళ్ళి, వాడి పెట్టె తనే మోసుకుని తీసుకొచ్చాడు. విరిగిన రందా గురించి ఆ రోజే కాదు, ఎన్నడూ ఎత్తలేదు. మర్నాడు తన రందా బ్లేడు నూరి వాడి చేతికిచ్చాడు.

మల్కాజిగిరి పిన్ని కొడుకు మొన్న మంగళవారం పగలు పదకొండింటికి నిన్ను పుణెలో భవానీ పేఠ టింబర్ మార్కెట్‌లో చూశాడట. భుజాన పలక మోస్తున్నావట. సెలవు పెట్టి ఉంటుందిలే అన్నాను పిన్నితో. ఉద్యోగం మానేసి నెల దాటిందట కదా అని ఆమె అంది. నాన్నకు ఇంకా చెప్పలేదు. అడగకూడదనే అనుకున్నాను, కానీ రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

సరే, నువ్వు వెళ్ళి చూసేటప్పుడు ఇవి మర్చిపోకు. స్టీల్ స్కేలు ఒకటి పట్టుకెళ్ళు. అడుగు మీద నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూడు. ముక్కూ నోటి ముందు అంచూ వెనక కొసా ఆనుతున్నాయంటే చాలు, మధ్యలో సన్నగా వెలుగు కనిపించినా గాజు మీద ఎమెరీ కాగితం పెట్టి రుద్దుకోవచ్చు. పై తుప్పుకు భయపడకు, కిరోసిన్‌కు పోతుంది. బ్లేడు వెనక వైపు అంచు దగ్గర మాత్రం చీమలు తిన్నట్టు గుంటలుంటే ఎంత నూరినా పదును పళ్ళు పళ్ళుగానే వస్తుంది. బ్లేడు ఎంత మిగిలిందో కూడా చూడు, మధ్యలో ఉండే పొడవాటి చీలిక దగ్గరికి అరిగిపోతే ఇంకో బ్లేడు ఖర్చు తగులుతుంది. బ్లేడును ముందుకీ వెనక్కీ జరిపే ఇత్తడి చక్రం కాస్త ఖాళీగా తిరగడం మామూలే. పిడి విరిగి ఉంటే మంచిదే, ధర తగ్గించమను, శీషం చెక్క ముక్కతో నువ్వే చేసుకోవచ్చు. పోత ఇనుము పగిలితే మాత్రం ఎంత తగ్గించినా వద్దు. వెల్డింగ్ చేయించాను అంటే అసలే వద్దు.

అడుగు ఫోటో పంపమను. పంపకపోతే అర్థమైనట్టే. రంగు గీకి చూడనివ్వకపోతే నేనైతే ఆరున్నర వేలు కాదు, ఆరు వందలు కూడా పెట్టను. అందులోనూ జీతం రాని నెలలో అసలే వద్దు. చూశావా, మళ్ళీ అక్కడికే వచ్చాను. చేతిలో డబ్బులున్నాయా? అద్దె కట్టావా? చెక్క పొట్టు ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకుంటున్నావా? నీకు చిన్నప్పుడు ఆయాసం వచ్చేది, గుర్తుందా? జుట్టు ముడేసుకో, మిషన్ల దగ్గర చున్నీ వద్దు.

నిన్న అటక మీద నుంచి తాత ఇనుప పెట్టె దింపించాను. ఆ ముప్పై ఐదు రూపాయల రందా నూనెగుడ్డలో చుట్టి అలాగే ఉంది. పిడి మీద తాత బొటనవేలు ఆనిన చోట నున్నగా పల్లం పడింది. బ్లేడు ఇంకా అంగుళం పైనే ఉంది. సానరాయి మీద నూరి, పాత టేకు ముక్క ఒకటి దొరికితే తోసి చూశాను. పొట్టు ఉల్లిపొరలా చుట్ట తిరిగి వచ్చింది.

ఇది నీదే. పార్శిల్ మాత్రం చేయను. పోత ఇనుము, ఎవడో గిరాటేస్తే పగులుతుంది. శతాబ్దిలో పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నానికి సికింద్రాబాద్‌లో దిగుతావు. నాన్న స్టేషన్‌కు వస్తారు. నీ సంగతి ఆయనకు నేను చెప్పాలా, నువ్వే చెప్తావా, అది మాత్రం ముందే ఫోన్ చేసి చెప్పు. పచ్చిపులుసు చేసి పెడతాను.

అమ్మ