2024–25 వార్షిక నివేదిక: కల్తీ, ఆహార భద్రతపై మన వినియోగదారుల సంఘం పని

పెద్దలకు, సోదరీమణులకు, సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన సంఘం చేసిన పనిని కార్యదర్శిగా మీ ముందు ఉంచుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో కొత్తగా చెప్పనక్కర్లేదు. తూకాలు, గ్యాస్ సిలిండర్లు, కరెంటు బిల్లుల ఫిర్యాదులు ఎప్పటిలాగే చూశాం, ఆ వివరాలు రిజిస్టర్‌లో ఉన్నాయి. పోయిన సర్వసభ్య సమావేశంలో మీరు తీర్మానించినట్టు ఈసారి బలమంతా తిండి మీదే పెట్టాం.

వేసవి మామిడి పళ్లతోనే గడిచింది. నూజివీడు కాయ దిగడం మొదలవగానే పళ్ల మార్కెట్‌కు వెళ్లి హోల్‌సేల్ వ్యాపారులతో కూర్చున్నాం. కాల్షియం కార్బైడ్ పెట్టి కాయలు మగ్గబెట్టడం నిషేధమని వాళ్లందరికీ తెలుసు. దానికి తేమ తగిలితే ఎసిటిలిన్ వాయువు వస్తుందని, దాంతోపాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు కూడా ఉంటాయని వివరించాం. బదులుగా ఇథిలీన్ వాయువును 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100) వరకు వాడుకోవచ్చు. దానికి కాయలు మగ్గబెట్టే ప్రత్యేక గది, అంటే ఛాంబర్ ఉండాలి. “లక్షలు పెట్టి ఛాంబర్ కట్టడం మా వల్ల అవుతుందా సార్?” అని చిన్న కమీషన్ వ్యాపారులు అడిగింది న్యాయమే. నిషేధం పెట్టి ఊరుకుంటే సరిపోదు, మార్కెట్‌లో అందరికీ కలిపి ఒక రైపెనింగ్ ఛాంబర్ కట్టించాలని అర్జీ ఇచ్చాం. దానికి రసీదు తప్ప మరేమీ రాలేదు.

సెప్టెంబరులో డిగ్రీ కాలేజీ పిల్లలను తీసుకుని ఒక పాల డెయిరీకి వెళ్లాం. రాని సభ్యులు మంచి అవకాశం పోగొట్టుకున్నారని నా అభిప్రాయం. అక్కడ ట్యాంకర్ రాగానే పాలు దించరు. ముందు శాంపిల్ తీసి కొవ్వు, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాలు) చూస్తారు. యూరియా, పిండి, డిటర్జెంట్ కలిశాయేమో చూస్తారు. పశువుకు వేసిన యాంటీబయాటిక్ పాలలోకి దిగిందేమో స్ట్రిప్ ముంచి చూస్తారు. అన్నీ సరిపోయాకే ట్యాంకర్‌కు పైపు తగిలిస్తారు. తర్వాత 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేసి వెంటనే 4 డిగ్రీలకు చల్లారుస్తారు. ఎంత వేడి ఉందో యంత్రం రాసుకుంటూనే ఉంటుంది. వేడి చాలకపోతే వాల్వ్ తిరిగి ఆ పాలను వెనక్కి పంపేస్తుంది, మనిషి చెయ్యి పడాల్సిన పని లేదు. తప్పు ఎక్కడ జరగొచ్చో ముందే ఆలోచించి, సరిగ్గా అక్కడే కొలత పెట్టి, ఆ కొలతను రాసిపెట్టుకునే ఈ పద్ధతిని హెచ్‌ఏసీసీపీ అంటారు. 1960లలో అమెరికాలో వ్యోమగాముల తిండి కోసం నాసా, అక్కడి సైన్యం లాబొరేటరీ, పిల్స్‌బరీ కంపెనీ కలిసి మొదలుపెట్టిన పద్ధతి ఇది. ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు ఎందుకని ఒక అమ్మాయి అడిగింది. ఏదైనా తేడా వస్తే ఆ బ్యాచ్ ఏయే ఊళ్లకు వెళ్లిందో చూసి వెనక్కి తెప్పించడానికేనని మేనేజర్ గారు రిజిస్టర్ తెరిచి మరీ చూపించారు. వ్యాపారం శ్రద్ధగా చేసేవాళ్లు ఇలా ఉంటారు. వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

పాల గురించి ఇంకో మాట చెప్పాలి. మనందరి భయం యూరియా, డిటర్జెంట్ల మీదే. 2018లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతటా 6,432 పాల శాంపిళ్లు తీయిస్తే అలాంటి కల్తీ బయటపడింది 12 శాంపిళ్లలో. వాటిలో 9 తెలంగాణవి కాబట్టి మన తెలుగువాళ్లం తేలిగ్గా తీసుకోలేం. అయితే అదే సర్వేలో 368 శాంపిళ్లలో అఫ్లాటాక్సిన్ ఎం1 పరిమితి దాటింది. బూజు పట్టిన చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి), దాణా తిన్న పశువు పాలలోకి దిగే విషం అది. పాలు ఎంత మరిగించినా పోదు. అక్కడ ఎవరూ ఏమీ కలపలేదు, దాణా బస్తా తడిసిందంతే. అందుకే అక్టోబరులో పక్క ఊరి పాడి రైతులతో సమావేశం పెట్టాం. చెక్క బస్తాలు నేల మీద కాకుండా బల్లల మీద పెట్టుకోవాలని, గోడకు ఆనించకూడదని, బూజు కనబడితే జాలిపడకుండా పారేయాలని పశువైద్యులు గారు ఓపికగా చెప్పారు. ఆదివారం సెలవు మానుకుని వచ్చినందుకు వారికి ధన్యవాదాలు.

ఇక మనం గర్వంగా చెప్పుకోవాల్సింది డిసెంబరు 24 శిబిరం. 1986లో వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికిన రోజది, జాతీయ వినియోగదారుల దినోత్సవం. హైస్కూల్ ఆవరణలో షామియానా వేసి, ‘మీ పోపుల డబ్బా తీసుకురండి, మీ కళ్ల ముందే పరీక్ష చేస్తాం’ అని ఆటో మైకులో చెప్పించాం. తొమ్మిదిన్నరకే ఆడవాళ్లు డబ్బాలతో వరస కట్టారు. మిరియాలు నీళ్లలో వేస్తే తేలిన గింజలు బొప్పాయివేమోనని వేరుచేసి, చిదిమి చూపించాం. ఆవాలు చిదిమితే లోపల పసుపుగా ఉండాలి. గరుకుగా ఉండి లోపల తెల్లగా కనిపిస్తే బలురక్కసి గింజలని అనుమానించాలి. ఆ గింజల నూనె ఆవనూనెలో కలవడం వల్లే 1998లో ఢిల్లీలో డ్రాప్సీ (ఒళ్లు వాచే జబ్బు) వచ్చి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. పసుపులో మెటానిల్ ఎల్లో అనే కల్తీ రంగు ఉందేమో చూడటానికి యాసిడ్ వాడాలి కాబట్టి ఆ బల్ల దగ్గర కెమిస్ట్రీ లెక్చరర్ గారు తప్ప ఎవరూ చెయ్యి పెట్టకుండా చూశాం. భోజనానికి కూడా లేవకుండా సాయంత్రం దాకా నిలబడిన ఆ లెక్చరర్ గారికి, ఆయన విద్యార్థులకు ఎంత చెప్పినా తక్కువే.

ఎక్కువ చర్చ జరిగింది కారం బల్ల దగ్గర. గ్లాసు నీళ్లలో చిటికెడు కారం చల్లితే కొన్నింటికి రంగు చారలు కడుతూ కిందికి దిగింది, కొన్నింటికి లేదు. చారలు కట్టనివాళ్లు హమ్మయ్య అనుకున్నారు. అక్కడే ఒక జాగ్రత్త చెప్పాల్సి వచ్చింది: కారం ఎర్రగా కనబడటానికి కలిపే సూడాన్ అనే కల్తీ రంగు నీళ్లలో కరగదు, నూనెలోనే కరుగుతుంది. అది లాబొరేటరీలోనే తేలుతుంది. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సూడాన్ రంగు ఫ్రాన్స్‌లో పట్టుబడ్డాక, యూరప్ దేశాలు పరీక్ష సర్టిఫికెట్ లేనిదే సరుకు దించనివ్వలేదు. 2005లో బ్రిటన్‌లో ఒక సాస్‌లో వేసిన కారం కారణంగా 400కు పైగా రకాల సరుకులు అంగళ్ల నుంచి తీసేశారు. ఇప్పుడు గుంటూరులో స్పైసెస్ బోర్డు లాబొరేటరీ ఉంది, ఎగుమతి కారాన్ని పరీక్షిస్తారు. విదేశాలకు వెళ్లే కారానికి ఉన్న కాపలా మన కిరాణా కొట్లో విడిగా అమ్మే కారానికీ ఉండాలని ఒక అక్క మైకు తీసుకుని అడిగితే సభంతా చప్పట్లు కొట్టింది. శిబిరంలో చేసినవి ప్రాథమిక పరీక్షలే, వాటిని పట్టుకుని ఏ దుకాణం మీదా నింద వేయకూడదని చివరిదాకా చెబుతూనే ఉన్నాం.

ఆ రోజు పరీక్షల మొబైల్ వ్యాన్ పంపుతామని మాట ఇచ్చిన అధికారులు రాలేదు. ముందు రోజు రాత్రి దాకా “వస్తుంది” అన్నారు, ఉదయం ఫోన్ ఎత్తలేదు. మన టెన్షన్ ఎవరికి చెప్పుకోవాలి? పేర్లిచ్చిన వాలంటీర్లలో సగానికి సగం మంది కూడా రాలేదు. వాట్సాప్ గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టినవాళ్లు కనీసం కుర్చీలు వేయడానికైనా వచ్చి ఉండాల్సింది. కాలేజీ పిల్లలు లేకపోతే శిబిరం జరిగేదే కాదు.

జనవరిలో బజ్జీల బండ్ల వాళ్లతో మాట్లాడాం. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తే పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జూలై నుంచి నియమం ఉంది. ఆ నూనెను బయోడీజిల్‌కు కొనేవాళ్లున్నారు గానీ, బండి మీద మిగిలే లీటరు కోసం వాళ్లు రారు. ఒక హోటల్ యజమాని గారు ముందుకొచ్చి తన వెనక వాకిట్లో డ్రమ్ము పెట్టించారు, బండ్ల వాళ్లు తెచ్చి అందులో పోస్తున్నారు. న్యూస్‌పేపరులో వేడి పునుగులు కట్టడం మాన్పించడానికి మన ఉపాధ్యక్షురాలు గారు తన ఖర్చుతో అడ్డాకుల కట్టలు కొనిచ్చారు. వారిద్దరికీ ధన్యవాదాలు.

ఫిబ్రవరిలో ఒక సభ్యుడి ఫిర్యాదు మీద నూనె శాంపిల్ తీయించాం. ఆహార భద్రత చట్టం ప్రకారం నాలుగు భాగాలు చేసి సీలు వేశారు, అంతవరకు బాగానే ఉంది. విశ్లేషకులు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలని 2006 నాటి ఆ చట్టంలోనే ఉంది. ఈ నివేదిక రాసే రోజుకు కూడా మనకు జవాబు లేదు. ఒక్కో అధికారికి ఎన్నో మండలాలు అప్పగిస్తే వాళ్లు మాత్రం ఏం చేస్తారు అనిపించే మాట నిజమే. కానీ ఏదైనా జరిగి టీవీలో వచ్చాకే తనిఖీలు మొదలవడం ఎలా ఒప్పుకుంటాం? 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛతో పడిపోయాక గానీ నీళ్లు, కూరగాయలు, పాలు అన్నీ పరీక్షలకు వెళ్లలేదు. హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయాకే 2024 అక్టోబరు 30న తెలంగాణలో పచ్చిగుడ్డు మయోనైజ్‌పై ఏడాది నిషేధం వచ్చింది. తనిఖీ అనేది ఏమీ జరగని రోజుల్లో, చెప్పకుండా జరగాలి. ఇదే మాట కలెక్టర్ గారికి ఇవ్వబోయే వినతిపత్రంలో మొదటి పేజీలో పెట్టాం, సంతకాలు సేకరించాలి.

జమాఖర్చులు కోశాధికారి గారు ఆడిట్ చేయించి చివరి పేజీలో జతపరిచారు. శిబిరం ఖర్చు అనుకున్నదానికంటే కొంచెం పెరిగింది, విరాళాలతో సరిపెట్టాం. చందా బకాయి ఉన్నవాళ్లు ఈరోజే కట్టి రసీదు తీసుకోవలసిందిగా మనవి.

షామియానా ఉచితంగా వేయించిన కల్యాణ మండపం వారికి, స్థలం ఇచ్చిన హెడ్‌మాస్టర్ గారికి, మజ్జిగ పంచిన మహిళా సంఘాల అక్కచెల్లెళ్లకు, వార్తలు వేసిన విలేకరులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు మీ ఆమోదానికి పెడుతున్నాను. కొనుగోలుదారు ఎవరైనా రుసుము కట్టి శాంపిల్‌ను ఫుడ్ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చని అదే ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ చెబుతోంది, ఆ రుసుముల కోసం విడిగా ఒక నిధి పెడదాం. వార్డుకు ఇద్దరు చొప్పున, నిజంగా వచ్చేవాళ్లనే వాలంటీర్లుగా రాసుకుందాం. పుస్తకం వేదిక పక్కన బల్ల మీద ఉంది, పేరుతో పాటు ఏ రోజు ఖాళీగా ఉంటారో కూడా రాయండి.

ఇట్లు,
కార్యదర్శి