ఫ్రేము కోసం కోసేసిన 1802 నాటి హాస్యగీత పత్రం గురించి ఫిర్యాదు

మేనేజరు గారికి,

నమస్కారం. ఫ్రేము కట్టించడానికి గత నెల 12న మీ హైదరాబాదు దుకాణంలో నేనిచ్చిన పాత ఆంగ్ల హాస్యగీత పత్రాన్ని, అడుగు భాగం కోసేసి, అట్టకు జిగురుతో అంటించి, నిన్న నా చేతికిచ్చారు. ‘కాగితం కత్తిరించరాదు, జిగురు వాడరాదు’ అని రసీదు మీద ముందే రాయించాను. దాని నకలు జతచేస్తున్నాను.

అది ఒట్టి బొమ్మ కాదు. లండన్‌లోని ఫ్లీట్ స్ట్రీట్ 53వ నంబరులో దుకాణం నడిపిన లారీ, విటిల్ అనే ప్రచురణకర్తలు 1802లో అచ్చువేసినది. జార్జి రాజుల కాలంలో ఇలాంటి పత్రాల మీద పైన వ్యంగ్య చిత్రం, దాని కింద పాట చరణాలు ఉండేవి. ఐజాక్ క్రుక్‌షాంక్ వంటి పేరున్న చిత్రకారులు కూడా ఈ సంస్థకు బొమ్మలు గీసిచ్చారు. నా పత్రంలో బొమ్మనూ పాటనూ ఒకే రాగి రేకు మీద చెక్కారు కనుక, చరణాలు పోయాక బొమ్మలోని మనుషులు ఎందుకు అలా చేతులూపుతున్నారో చూసేవారికి తెలిసే దారే లేదు. భూతద్దం పెట్టుకుని ఆ చరణాలు ఎన్ని సాయంత్రాలు చదువుకున్నానో!

పాటకు అడుగున ప్రచురణకర్తల పేరు, చిరునామా, తేదీ ఉన్న సన్నని వరుస కూడా పోయింది. 1735లో అమల్లోకి వచ్చిన బ్రిటిష్ చట్టం కింద అచ్చుబొమ్మ మీద కాపీ హక్కు దక్కాలంటే యజమాని పేరు, తేదీ ప్రతి అచ్చుమీదా ఉండాల్సి వచ్చేది. ఇన్నేళ్ల తర్వాత ఆ కాగితం ఎవరిదో, ఎప్పటిదో రుజువుచేసేది ఆ ఒక్క వరుసే.

కాగితం మొదటినుంచీ అలాగే ఉందని మీ కౌంటరులో చెప్పిన మాట నిజం కాదు. మూడు అంచులు గోధుమరంగుకు తిరిగి అరిగిపోయి ఉండగా, అడుగు అంచు మాత్రం తెల్లగా, బ్లేడు పెట్టి కోసినట్టు తిన్నగా ఉంది. మొదటి చరణంలోని పొడుగు అక్షరాల తలలు ఆ కోత మీద ఇంకా కనిపిస్తున్నాయి. అచ్చు యంత్రంలో రాగి రేకు నొక్కుకుని ఏర్పడిన పల్లపు గీత కూడా మూడు వైపులే మిగిలింది. ఇవ్వకముందు తీసిన ఫొటోలు పంపుతున్నాను.

కోసిన ముక్కను మీ చెత్తలోనైనా సరే వెతికించి, మడతపెట్టకుండా నాకు అప్పగించండి. అది దొరకడమే నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఆ బొమ్మకు చేత్తో అద్దినవి నీటిరంగులు, తడి తగిలితే చెదురుతాయి కనుక, అట్ట నుంచి విడదీసే పనిని పాత కాగితాల సంరక్షణ నిపుణులకే అప్పగిస్తాను. ఆ ఖర్చు మీరు భరించి, ఫ్రేముకు తీసుకున్న సొమ్ము వాపసు ఇవ్వాలి. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
మీ ఖాతాదారు