ముందు గొంతులు లెక్కపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లోనే రికార్డింగ్ గది ఏర్పాటు చేసుకునేవారి గురించి ఈ మధ్య మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. మైకుల గురించీ, గోడలకు అతికించే ఫోమ్ గురించీ వివరంగా రాశారు. కానీ మైకుకూ కంప్యూటర్‌కూ నడుమ ఉండే ఆడియో ఇంటర్‌ఫేస్ విషయంలో మాత్రం మంచి కంపెనీది చూసి కొనుక్కోమని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. సరిగ్గా అక్కడే నేను దెబ్బతిన్నాను. డబ్బు పోయినందుకు బాధ లేదు. మళ్లీ తెచ్చుకోలేని ఒక గొంతు పోయింది. అందుకే ఈ ఉత్తరం.

మాది తెనాలి. హైస్కూల్లో తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. మా నాన్నగారు నాటక సమాజాల్లో హార్మోనియం వాయించేవారు. ఆయనతో కలిసి పరిషత్తులకూ తిరునాళ్లకూ తిరిగిన నటుల్లో ఇంకా పాడగలిగినవారు మా చుట్టుపక్కల ఊళ్లలో కొద్దిమందే మిగిలారు. ఒక్కొక్కరినీ ఇంటికి పిలిచి, నోటికి వచ్చిన పద్యాలన్నీ పాడించుకుని భద్రం చేయాలని నా కోరిక. పెరటివైపు గదిలో పాత పరుపులు గోడకు నిలబెట్టి, కిటికీకి దుప్పటి కట్టి పని మొదలుపెట్టాను.

దుకాణానికి వెళ్లి సౌండ్ కార్డు కావాలని అడిగాను. ఇంటర్‌ఫేస్‌ను అక్కడ అందరూ అలాగే అంటారు. చేసే పని ఇదీ అని కూడా చెప్పాను. దుకాణదారు ఎనిమిది చానళ్ల యూఎస్‌బీ మిక్సర్ ఒకటి చేతిలో పెట్టి, ఎనిమిది మైకులు పెట్టుకోవచ్చు, ఎకో కూడా ఉంది, ఇక మీకు దేనికీ లోటుండదు అన్నాడు. రెండు కన్నా ఎనిమిది మేలే కదా అనుకుని తెచ్చుకున్నాను.

మొదట పిలిచింది ఎనభై దాటిన ఒక కృష్ణ వేషధారిని. రెండు పూటలు కూర్చుని నలభై పద్యాలు పాడారు. ఆయనకు ఒక మైకు, హార్మోనియానికి ఒక మైకు పెట్టాను. తర్వాత కంప్యూటర్‌లో తెరిచి చూస్తే రెండూ కలిసిపోయి ఉన్నాయి. ఆ మిక్సర్‌కు ఎన్ని మైకులు తగిలించినా, అన్నింటినీ కలిపేసి కుడి ఎడమలుగా ఒకే జోడు శబ్దాన్ని కంప్యూటర్‌కు పంపుతుంది. ఏ మైకుకు ఆ ట్రాకు విడిగా రాదు. ఆయన ఎత్తుగీతి చివర గొంతు సన్నం చేసి రాగాన్ని దించే చోటల్లా హార్మోనియం మీద పడి కప్పేసింది. హార్మోనియం తగ్గిద్దామంటే గొంతూ తగ్గుతుంది. పెట్టె మార్చి మళ్లీ పిలుద్దాం అనుకుంటూ ఉండగానే సంక్రాంతి వెళ్లిన వారానికి ఆయన కాలం చేశారు. ఆ నలభై పద్యాలూ ఇప్పటికీ వింటాను. ఉన్నాయన్న మాటే గాని, ఆ సన్నని చివర్లు వినిపించవు.

అందుకే ఇంటర్‌ఫేస్ కొనబోయేవారికి నా మొదటి మాట: ఒకేసారి ఎన్ని గొంతులు, ఎన్ని వాద్యాలు మోగుతాయో ముందు లెక్కపెట్టుకోండి. వాటిలో ప్రతి ఒక్కటీ విడి ట్రాకుగా కంప్యూటర్‌లోకి వస్తుందా అని అడగండి. పెట్టె మీద ఎన్ని రంధ్రాలున్నాయన్నది ముఖ్యం కాదు. నాటక పద్యం తాళానికి కట్టుబడదు. నటుడు ఎక్కడ సాగదీస్తే హార్మోనియం అక్కడ ఆగుతుంది. తబలా పద్యం నడిచేటప్పుడు ఉండదు. కాబట్టి నాకు కావలసింది రెండే దారులు. మృదంగం, వయొలిన్, గాత్రం కలిపి కచేరీ పట్టేవారికైతే నాలుగో, ఎనిమిదో కావాలి. వీణకు కాంటాక్ట్ పికప్ (వాద్యం కంపనాన్ని నేరుగా పట్టే బిళ్ల) అతికించి వాయించేవారు గిటార్‌కు వాడే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఉందో లేదో చూసుకోవాలి. అలాంటి పికప్‌ను మామూలు లైన్ ఇన్‌పుట్‌కు తగిలిస్తే మంద్ర స్థాయి పలచబడి నాదం డొల్లగా వస్తుంది.

రెండో సంగతి గెయిన్. మైకు నుంచి వచ్చే విద్యుత్తు వోల్టులో వెయ్యో వంతు లెక్కలో ఉంటుంది. దాన్ని పెంచి, అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు ఇవ్వడమే ఇంటర్‌ఫేస్ పని. పెంచే శక్తి చాలకపోతే గొంతు దూరంగా వినిపిస్తుంది. తర్వాత కంప్యూటర్‌లో పెంచితే వెనకనున్న బుస కూడా పెరుగుతుంది. ఈ రోజుల్లో చాలామంది ఇష్టపడే షూర్ ఎస్‌ఎం 7బీ మైకుకు కనీసం 60 డెసిబెల్‌ల గెయిన్ కావాలని ఆ కంపెనీయే చెబుతుంది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 అనే ఇంటర్‌ఫేస్ మూడో తరంలో ఉన్నది 56. 2023లో వచ్చిన నాలుగో తరంలో 69. బయటికి రెండూ ఎర్ర పెట్టెలే. ఆ మైకు ఉన్నవారు ఈ ఒక్క అంకె చూడకుండా తక్కువ ధరకు దొరికిందని పాతది కొంటే, మధ్యలో మరో బూస్టర్ కొనవలసి వస్తుంది. కండెన్సర్ మైకు అయితే అంత గెయిన్ అక్కరలేదు గాని ఇంటర్‌ఫేస్ నుంచి మైకు తీగ గుండా అందే 48 వోల్టుల విద్యుత్తు, అంటే ఫాంటమ్ పవర్, తప్పనిసరి.

ఇప్పుడు నేను వాడుతున్నది ఆ నాలుగో తరం పెట్టే. గెయిన్ మీట చుట్టూ వెలుగు వలయం ఉంటుంది. గొంతు మామూలుగా ఉన్నంతసేపూ ఆకుపచ్చగా, పెరిగితే కాషాయంగా, హద్దు దాటితే ఎర్రగా మారుతుంది. మొదట్లో నటులను మైకు ముందు కూర్చోబెట్టి ఏదైనా మాట్లాడమనేవాడిని. వారు మర్యాదగా, మెల్లగా, బాగున్నారా అంటారు. దానికి తగ్గట్టు మీట తిప్పేవాడిని. తీరా పద్యం ఎత్తుకుని నాలుగో పాదంలో తారస్థాయి అందుకునేసరికి వలయం ఎర్రబడేది, గొంతు పగిలేది. అంకెల్లో పగిలిన శబ్దాన్ని ఎవరూ అతికించలేరు. ఇప్పుడు ముందుగా వారికి బాగా ఇష్టమైన పద్యంలో అన్నింటికన్నా పైకి వెళ్లే చోటు పాడమంటాను. అక్కడ మీటరు సున్నాకు పన్నెండు డెసిబెల్‌లు కిందనే ఆగేటట్టు చూసి, ఇక మీట ముట్టుకోను. శబ్దాన్ని ఎంత సూక్ష్మంగా కొలుస్తుందో చెప్పేది బిట్ల లెక్క; నాది 24 బిట్ల రికార్డింగు కాబట్టి అంత తగ్గించి పట్టినా నష్టం లేదు.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో 192 కిలోహెర్ట్జ్ (శబ్దాన్ని సెకనుకు ఎన్ని వేలసార్లు కొలుస్తుందో ఆ లెక్క) అని ఉంటే మురిసిపోనక్కరలేదు. మనిషి చెవి వినగలిగేది మహా అయితే 20 కిలోహెర్ట్జ్ వరకు. దానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువైన 48 చాలు. రెండు ట్రాకులు గంటసేపు 24 బిట్లు, 48లో పడితే సుమారు ఒక జీబీ అవుతుంది. 192లో నాలుగు. బిట్ల సంగతి మాత్రం చూసుకోవాలి. బెరింగర్ కంపెనీ ఇంటర్‌ఫేస్‌లలో యూఎంసీ 22 అన్నది 16 బిట్లే ఇస్తుంది. యూఎంసీ 202హెచ్‌డీ 24 ఇస్తుంది, పైగా రెండు మైకులు పెట్టుకోవచ్చు. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న విద్యార్థులకు నేను ఈ రెండోదే చెబుతాను.

ఇంకొకటి. హెడ్‌ఫోన్ పెట్టుకుని పాడుతున్న ఒక నటుడు మధ్యలో ఆపి, "ఏమండీ, నా వెనకే ఎవరో నన్ను అనుకరిస్తున్నట్టుంది" అన్నారు. గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి చెవికి చేరేలోపు ఆలస్యం అది. అది తగ్గాలంటే కంప్యూటర్‌లో పెట్టె కంపెనీవారి సొంత డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. డైరెక్ట్ మానిటర్ మీట నొక్కితే గొంతు కంప్యూటర్‌దాకా పోకుండా నేరుగా చెవికి వస్తుంది. అప్పటికే డెబ్బై దాటిన మనిషికి ఆ చిన్న ఆలస్యం పద్యాన్నే మరపిస్తుంది. ఆ మీట లేని పెట్టె కొనవద్దు.

ఇక గుయ్ మనే హోరు. మా ఇల్లు పాతది, ఎర్త్ సరిగా లేదు. మూడు వారాలు మైకునూ తీగలనూ అనుమానించాను. ఒకరోజు కరెంటు పోయింది, లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది, హోరు ఠక్కున ఆగిపోయింది. అప్పటి నుంచి రికార్డింగు మొదలుపెట్టే ముందు చార్జర్ తీసేస్తాను. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ గొయ్యి కూడా తవ్వించాను. ఖరీదైన పెట్టె కొన్నా ఈ హోరు పోయేది కాదు.

మీకు నా విన్నపం ఇది. ఫోన్ల గురించీ కార్ల గురించీ పేజీలకు పేజీలు ఇస్తారు. గాత్రం, హరికథ, బుర్రకథ, పద్యం ఇంట్లోనే పట్టి దాచుకోవాలనుకునేవారు ఊరూరా ఉన్నారు. వారిలో చాలామందికి ఈ పరికరాల పుస్తకాలు చదివి అర్థం చేసుకునేంత ఇంగ్లీషు రాదు. ఏ పనికి ఎన్ని ఇన్‌పుట్లు, ఎంత గెయిన్, ఏ మైకుకు ఏ పెట్టె సరిపోతుందో తెలుగులో నెలకు ఒక్కసారైనా రాయించండి. దుకాణదారులూ ఒక పెట్టె విప్పి బల్ల మీద పెట్టి, కొనేవారు తెచ్చుకున్న మైకు తగిలించి హెడ్‌ఫోన్‌లో వినే వీలు కల్పించాలి. చీర కొనేటప్పుడు మడత విప్పి చూపించనిదే ఎవరూ కొనరు కదా.

తెనాలి చుట్టుపక్కలవారు ఎవరైనా కొనబోయే ముందు విని చూడాలనుకుంటే, తమ మైకు తెచ్చుకుని ఆదివారం ఉదయం మా ఇంటికి రావచ్చు. నా చిరునామా మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను, అడిగినవారికి ఇవ్వండి. పదింటి తర్వాత వీధిలో రద్దీ మొదలవుతుంది కాబట్టి ఏడింటికల్లా వస్తే మంచిది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తెనాలి