అంటుకుంటే చాలదు, కరెంటు పారాలి: మూడు నెలలుగా జవాబు రాని నా ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: ఆక్యుపంక్చర్ సూదులకు వాడే కరెంటు పట్టీల గురించి పదకొండుసార్లు ఫోన్ చేసి, నాలుగు ఈమెయిల్స్ పంపినా మీ కంపెనీ నుంచి సమాధానం రాకపోవడం.

నమస్కారం.

పట్టీలు పాడైనందుకు ఈ ఉత్తరం రాయడం లేదు. ఏ వస్తువైనా ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది, అది నాకు తెలుసు. మూడు నెలలుగా మీ వాళ్లలో ఒక్కరు తప్ప ఎవరూ నా మాట చివరిదాకా వినలేదు. ఆ విన్న ఒక్కరి చేతిలో ఏ అధికారమూ లేదు. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను.

నేను పద్నాలుగేళ్లుగా ఆక్యుపంక్చర్ చేస్తున్నాను. ఆరేళ్లుగా మీ సూదులే వాడుతున్నాను. మీరు కరెంటు పట్టీ తెచ్చినప్పుడు మొదట కొన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అది చూసి ఎంత సంతోషించానో ఈ పని చేసేవాళ్లకే అర్థమవుతుంది. ఎలక్ట్రో ఆక్యుపంక్చర్‌లో, అంటే సూదుల్లోంచి సన్నగా కరెంటు పంపే చికిత్సలో, మెషిన్ వైరు చివరనున్న క్రొకడైల్ క్లిప్పు (మొసలి నోరులా కరిచిపట్టే క్లిప్పు) సూది పిడికి తగిలిస్తాం. సూది మందం పావు మిల్లీమీటరు. దాని మీద క్లిప్పు బరువు, వైరు లాగుడు పడితే సూది ఒరిగిపోతుంది. లోపల కోణం మారి పేషెంట్‌కి నొప్పి పుడుతుంది. ముఖం మీద, వేళ్ల దగ్గర లోతు తక్కువగా గుచ్చినచోట అయితే క్లిప్పు సూదిని కూడా లాక్కుని కింద పడుతుంది. మీ పట్టీకి బరువు లేదు. పిడికి చుట్టి, రెండు చివర్లూ చర్మానికి అంటిస్తే సూది కదలదు. పిడిని తాకే జిగురులోంచి కరెంటు పోతుంది, చర్మానికి అంటే జిగురులోంచి పోదు. అలా చేయకపోతే కరెంటు సూదిలోకి దిగకుండా చర్మం మీదే పరుచుకుంటుంది కదా. ఆ సంగతి ఆలోచించి తయారుచేసిన వాళ్లు మీ దగ్గర ఎవరో ఉన్నారని అప్పట్లో అందరికీ చెప్పాను. ఆ మనిషితో ఒక్కసారి మాట్లాడనివ్వమని మూడు నెలలుగా అడుగుతున్నాను.

జరిగింది చెప్తాను. కొత్త ప్యాకెట్ విప్పి, మోకాలి నొప్పితో వచ్చిన ఒక పెద్దావిడకు నాలుగు సూదులు పెట్టాను. మెషిన్ 2 హెర్ట్జ్ (సెకనుకు రెండుసార్లు) దగ్గర పెట్టి, కరెంటు మీట నెమ్మదిగా పెంచుతూ "తెలుస్తోందా అమ్మా?" అని అడిగాను. తెలియడం లేదన్నారు. ఇంకొంచెం పెంచాను. అప్పుడూ ఏమీ లేదు. ఇంతలో ఆవిడ కాలు కాస్త కదిపారు. పిడికీ పట్టీకీ మధ్య తెగిన కాంటాక్ట్ ఒక్కసారిగా కలిసింది. అప్పటిదాకా పెంచిన కరెంటంతా ఒకేసారి తగిలింది. కాలు ఎగిరిపడింది, ఆవిడ కేక పెట్టారు. వెంటనే మెషిన్ ఆపేశాను. దేవుడి దయవల్ల దెబ్బ ఏమీ తగల్లేదు. కానీ మరుసటి వారం ఆవిడ రాలేదు, ఆ తర్వాతి వారమూ రాలేదు. నా చేతిని నమ్మి పడుకున్న మనిషిని భయపెట్టి పంపించాను.

ఆ రాత్రి మల్టీమీటర్ (కరెంటు పారుతోందో లేదో చూపించే మీటర్) పెట్టి చూశాను. పాత ప్యాకెట్‌లో మిగిలిన పట్టీలకు రీడింగ్ స్థిరంగా వస్తోంది. కొత్తవాటికి వేలితో నొక్కితే వస్తోంది, వదిలితే పోతోంది. ఇరవై పట్టీలు చూస్తే పదమూడు అలాగే ఉన్నాయి. అవి అంటుకోవడంలో మాత్రం ఏ లోపమూ లేదు, పాతవాటికంటే గట్టిగానే అంటుకుంటున్నాయి. జిగురు మారిందేమో అని నా అనుమానం. అదే మిమ్మల్ని అడుగుదామనుకున్నాను. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఇరవై నిమిషాలు పాట విన్నాను. ఆ తర్వాత లైన్‌లోకి వచ్చిన అబ్బాయి బ్యాచ్ నంబర్ అడిగాడు, చదివాను. "సిస్టమ్‌లో చూపించడం లేదు మేడమ్" అన్నాడు. ప్యాకెట్ మీద మీరే ముద్రించిన నంబర్ మీ సిస్టమ్‌లో ఎందుకు లేదని అడిగితే లైన్‌లో ఉండమన్నాడు. లైన్ కట్ అయింది.

రెండోసారి మాట్లాడిన అమ్మాయి "పట్టీ అంటుకుంటోందా మేడమ్?" అని అడిగింది. అంటుకుంటోంది, కరెంటే పారడం లేదని చెప్పాను. "అంటుకుంటోంది కదా, మరి ప్రాబ్లం లేదు కదా మేడమ్" అంది. ఇదే మాట ఆ తర్వాత ఇంకో ఇద్దరి దగ్గర విన్నాను. ఒకరైతే గాయం మీద వేసే ప్లాస్టర్ అనుకున్నారు. ఇంకొకరు డివైస్ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు. మెషిన్ మీది కాదు, పాత పట్టీలతో అది చక్కగా పనిచేస్తోందని చెప్పాను. అయితే మెషిన్ కంపెనీని అడగండి అన్నారు. డీలర్‌ని అడిగితే కంపెనీని అడగమన్నాడు. కంపెనీని అడిగితే డీలర్‌ని అడగమన్నారు. ఈ మధ్యలో నేను ఎన్ని రోజులు తిరిగానో మీ రికార్డుల్లో ఎక్కడా ఉండదు.

తర్వాత ఫోటో పంపమన్నారు. కరెంటు పారకపోవడాన్ని ఫోటో ఎలా తీయాలి? మల్టీమీటర్ ముల్లు పడిపోవడం కనిపించేలా వీడియో తీసి పంపాను. ఫైల్ సైజు ఎక్కువని వెనక్కి వచ్చింది. మూడు ముక్కలు చేసి మళ్లీ పంపాను. రెండు రోజుల్లో టెక్నికల్ టీమ్ ఫోన్ చేస్తుందని ఈమెయిల్ వచ్చింది. ఆ రెండు రోజులూ ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను, ఎవరూ చేయలేదు. ఆరో రోజు ఉదయం పదకొండు గంటలకు ఫోన్ మోగింది. అప్పుడు నా ముందు ఒక పేషెంట్ వీపు మీద ఎనిమిది సూదులు ఉన్నాయి. వాళ్లను వదిలి ఫోన్ ఎత్తలేను, ఎత్తకూడదు కూడా. పది నిమిషాల తర్వాత తిరిగి చేస్తే ఆ నంబర్‌కి మనం చేయడం కుదరదట. మధ్యాహ్నానికి మెసేజ్ వచ్చింది: "కస్టమర్ స్పందించనందున మీ ఫిర్యాదు ముగించబడింది."

ఆ మెసేజ్ చూసినప్పుడు నాకు వచ్చినంత కోపం పట్టీ పాడైనప్పుడు కూడా రాలేదు. స్పందించనిది నేనా? ఆ వెంటనే మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని ఇంకో మెసేజ్. అదే వారం మీ సేల్స్ విభాగం నుంచి ఒకాయన ఫోన్ చేసి, పెద్ద ఆర్డర్ పెడితే ఇవే పట్టీలు తగ్గింపులో ఇస్తామన్నారు. కొనమని అడగడానికి నా నంబర్ దొరుకుతుంది, జవాబు చెప్పడానికి మాత్రం దొరకదు.

ఫిర్యాదు మళ్లీ తెరిపించాను. కొత్త నంబర్ ఇచ్చారు. కథంతా మొదటినుంచి చెప్పాను. వాళ్లు మూసేశారు. మళ్లీ తెరిపించాను. ఇలా మూడు నంబర్లు నా డైరీలో ఉన్నాయి. మూడోసారి ఒక అమ్మాయి దొరికింది. తను ఓపిగ్గా విన్నది, తెలియనిచోట ఆపి అడిగింది, నేను చెప్పినదంతా రాసుకుంది. చివర్లో గొంతు తగ్గించి, "మేడమ్, నేను పైకి పంపుతాను, కానీ అక్కడ ఎవరు చూస్తారో నాకు తెలియదు" అంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. దయచేసి ఈ ఉత్తరం వల్ల తనను ఏమీ అనకండి. తన మాట వినని ఆ పైవాళ్లెవరో వాళ్లను అడగండి.

సూది మీద ఉన్నపాటి శ్రద్ధ పట్టీ మీద ఎందుకు లేదని అడుగుతున్నాను. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 1996లో ఆక్యుపంక్చర్ సూదులను క్లాస్ 3 (ప్రమాదం ఎక్కువున్న పరికరాల తరగతి) నుంచి దాని కింది క్లాస్ 2కి మార్చినప్పుడు స్టెరైల్‌గా (క్రిములు లేకుండా) ఉండాలి, ఒక్కసారే వాడాలి అని షరతులు పెట్టింది. ఒకసారి వాడి పారేసే స్టెరైల్ సూదులకు 2014లో ఐఎస్ఓ 17218 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. మేం కూడా గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు కరెంటు పెట్టం. ఛాతీకి అడ్డంగా కరెంటు పోయేలా సూదులు కలపం. కరెంటు ఒకే దిక్కుగా పారితే సూది లోహం లోపలే తినేయబడుతుందని, రెండు దిక్కులా సమంగా పారే మెషిన్లే వాడతాం. ఇన్ని జాగ్రత్తల మధ్య మీ పట్టీ ఒక్కటి ఎప్పుడు కలుస్తుందో ఎప్పుడు తెగుతుందో తెలియకుండా ఉంటే, ఆ షాక్ తగిలేది మీకు కాదు, నాకూ కాదు. కదలకుండా పడుకోమంటే మా మాట నమ్మి పడుకున్నవాళ్లకు.

నాకు డబ్బు తిరిగి ఇస్తారో ఇవ్వరో మీ ఇష్టం, ఇస్తే కాదనను. ఆ మధ్య పంపిన డిస్కౌంట్ కూపన్ మాత్రం నాకు వద్దు. ఆ బ్యాచ్‌లో జిగురు మార్చారా లేదా అన్నది మీ సంతకంతో రాసి పంపండి. ఆ బ్యాచ్ కొన్న ప్రతి ఒక్కరికీ వాడకం ఆపమని ఈ వారంలోనే చెప్పండి. నాలాగే మీట పెంచుతూ కూర్చున్నవాళ్లు ఇంకెందరున్నారో నాకు తెలియదు, మీ అమ్మకాల పుస్తకంలో ఉంటుంది.

ఇంకో విషయం. ఇది నా రెండో ఈమెయిల్‌లోనే రాశాను, ఎవరూ చదివినట్టు లేదు. ఈ పట్టీని బాగుచేయడం కష్టం కాదు. పిడిని తాకే చోట పట్టీని ఒక్క మడత లోపలికి మడిస్తే జిగురు మధ్యలో లేకుండా పట్టీకున్న లోహపు రేకు నేరుగా పిడి లోహానికి తగులుతుంది. అప్పుడు జిగురుకు పట్టుకునే పని ఒక్కటే ఉంటుంది, కరెంటు పని రేకు చూసుకుంటుంది. కొత్తవాటిలో ఆరు పట్టీలు అలా మడిచి మీటర్ పెట్టి చూశాను, ఆరింటికీ రీడింగ్ నిలకడగా వచ్చింది. మనుషుల మీద మాత్రం వాడలేదు. మీరు పరీక్షించి సరేనంటేనే వాడతాను. ప్లాస్టిక్ పిడి సూదులకు ఈ పట్టీ పనికిరాదని కూడా ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో రాయండి. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు అది తెలియక మీట పెంచుతున్నారు.

పదిహేను రోజులు చూస్తాను. అప్పటికీ జవాబు రాకపోతే వీడియోలు, మూడు ఫిర్యాదు నంబర్లు, మీ మెసేజ్‌లు అన్నీ కలిపి వైద్య పరికరాలను పర్యవేక్షించే అధికారులకు పంపుతాను. వినియోగదారుల కోర్టుకు కూడా వెళ్తాను. నా దగ్గర నేర్చుకుని వెళ్లిన ముప్పై మందికి పైగా మీ సూదులే కొంటున్నారు, కొనమని చెప్పింది నేనే. మానేయమని చెప్పాల్సి వస్తే అదీ నేనే చెప్తాను. ఆరేళ్ల తర్వాత ఆ మాట అనడం నాకు ఇష్టం లేదు.

పాడైన పదమూడు పట్టీలనూ విడిగా కవర్‌లో పెట్టి దాచాను. ఎవరినైనా పంపితే ఇస్తాను. ఫోన్ చేసేటట్టయితే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి లోపు చేయండి. ఆ గంటలో నా ముందు ఎవరి ఒంటి మీదా సూదులు ఉండవు, మొదటి రింగ్‌కే ఎత్తుతాను.

ఇట్లు,
ఆరేళ్లుగా మీ సూదులు వాడుతున్న ఒక ఆక్యుపంక్చర్ వైద్యురాలు