మీ నాటకానికి లైవ్ పెట్టే సంగతి

ఏరా బావా,

ఫోన్లో నువ్వు చెప్పింది సగం వినపడింది, మిగతా సగం గోదావరి దాటించే పంటు ఇంజను మోతలో కలిసిపోయింది. మళ్ళీ ఫోన్ చేస్తే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

హాస్టల్ పిల్లల ఫీజుల కోసం మీ సంఘం వేసే పద్య నాటకాన్ని యూట్యూబ్‌లో లైవ్ పెట్టి విరాళాలు అడిగే సంగతికి, "లైవ్ పెడితే ఇంట్లోనే కూర్చుని చూస్తారు, హాలుకు ఎవడొస్తాడు?" అన్నావు. హాలుకొచ్చేవాడు నాటకం ఒక్కదానికే వస్తాడా చెప్పు? వియ్యంకుడు కనబడతాడని వస్తాడు, రాయబారం పద్యానికి వన్స్‌మోర్ అని అరవాలని వస్తాడు, ఇంటర్వెల్లో మిరపకాయ బజ్జీ తినడానికి వస్తాడు. ఇవేవీ ఫోన్లో దొరకవు. వాడెక్కడికీ పోడు. లైవ్ పెట్టేది ఎలాగూ రాలేనివాడి కోసం. మొగల్తూరు నుంచో రాజోలు నుంచో కువైట్ వెళ్ళి కారు నడుపుతున్నవాడు, డల్లాస్‌లో ఇల్లు కొనుక్కున్నవాడు, మోకాళ్ళ నొప్పులతో పాలకొల్లులో గుమ్మం దాటలేని మేష్టారు. మీ సంఘం పిల్లల ఫీజులు కడుతోందని వీళ్ళకి తెలిసే ఉంటుంది. ఇవ్వాలనీ ఉంటుంది. కానీ ఆ సాయంత్రం వాళ్ళనెవరూ పిలవరు.

పెళ్ళిలో చదివింపులు గుర్తున్నాయి కదా. "ఫలానా వారి రెండో అబ్బాయి, వెయ్యినూట పదహార్లు" అని మైకులో చదవగానే బంతిలో కూర్చున్నవాళ్ళంతా తలెత్తి చూస్తారు. ఇచ్చినవాడు ఏమీ పట్టనట్టు నటిస్తూ సాంబారు కలుపుకుంటాడు. ఆ వెనకాల వచ్చేవాడు జేబులో ఉన్న నూట పదహార్లు తీద్దామా, ఇంకాస్త వేద్దామా అని ఆలోచనలో పడతాడు. లైవ్‌తో డబ్బు వచ్చేది కూడా ఇలాగే. కువైట్ నుంచి డబ్బు పడగానే మీ మైకాయన అతని పేరుతో పాటు ఇంటిపేరు, ఊరు, ఎవరి అబ్బాయో కలిపి చదవాలి. అక్కడ కుర్రాడు తన పేరు వింటాడు. హాల్లో మూడో వరసలో అతని తల్లి కూడా వింటుంది. ఆవిడ పక్కనున్నామె "మీ వాడేనా?" అంటుంది. ఆ తర్వాత సంగతి నేను చెప్పక్కర్లేదు. అందుకని పేర్లు చదవడానికి మంచి గొంతున్నవాణ్ణి, నాటకం వాళ్ళతో సంబంధం లేనివాణ్ణి ఒకణ్ణి పెట్టు. సీను నడుస్తుంటే మాత్రం చదవకూడదు, తెర పడ్డాకే. గుప్తదానం అన్నవాళ్ళ పేరు ఎట్టి పరిస్థితుల్లోనూ బయటికి రాకూడదు.

1977లో దివిసీమ ఉప్పెనప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. అంతటివాళ్ళు కూడా ఇచ్చేవాడి గుమ్మం దాకా రావలసిందే అప్పట్లో. ఇప్పుడు ఫ్రాన్సులో వీడియో గేములు ఆడే కుర్రాళ్ళు జెడ్ ఈవెంట్ అని లైవ్‌లో కూర్చుని ఆడుతూ అడుగుతారు. 2021లో ఆకలి మీద పనిచేసే సంస్థ కోసం కోటి యూరోలు దాటించారు. మనకి కోటి వద్దులే, ఈ ఏడు హాస్టల్ పిల్లల ఫీజులు వస్తే చాలు.

రోజు విషయంలో నా మాట విను. ఆషాఢంలో శనివారం పెట్టు. ముహూర్తాలుండవు కాబట్టి పెళ్ళి వీడియోల వాళ్ళు ఖాళీగా ఉంటారు, బేరం కూడా కుదురుతుంది. 2020లో కరోనా దగ్గర్నుంచి వాళ్ళకి లైవ్ కొట్టిన పిండే. సాయంత్రం ఆరున్నరకి తెర లేపితే కువైట్‌లో నాలుగు, పైగా అక్కడ శుక్ర, శనివారాలు సెలవు. డల్లాస్‌లో పొద్దున్న ఎనిమిది, కాఫీ తాగుతూ చూస్తారు. పాత అలవాటు ప్రకారం రాత్రి పదింటికి మొదలుపెట్టి తెల్లవార్లూ ఆడిస్తానంటే మటుకు నాకు చెప్పకు.

మాటలు సరిగ్గా వినపడకపోతే పద్య నాటకం ఎవడు చూస్తాడు? బొమ్మ కాస్త మసకగా ఉన్నా సర్దుకుంటారు గానీ, ఫ్యాను గాలి మోతలో పద్యం వింటే రెండు నిమిషాల్లో కట్టేస్తారు. కెమెరా మైకు మీద ఆధారపడకుండా మైక్ సెట్ వాళ్ళ మిక్సర్ (మైకులన్నిటినీ కలిపే పెట్టె) నుంచి నేరుగా వైరు లాగించు. నెట్ కూడా వైరుదే ఉండాలి. పొద్దున్న ఖాళీ హాల్లో ఫోన్ సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంటుంది, సాయంత్రం జనమంతా ఒకే టవర్ మీద పడేసరికి చతికిలబడుతుంది. 720పీ అనే మామూలు హెచ్‌డీ బొమ్మకి అప్‌లోడ్ సెకనుకి నాలుగు మెగాబిట్లు కావాలి, దానికి రెట్టింపు ఉంటే నిశ్చింత. కరెంటు పోతే జనరేటరు అందుకునే లోపు రూటర్ ఆరిపోకుండా చిన్న యూపీఎస్ పెట్టు. మీ యూట్యూబ్ ఛానల్లో లైవ్ ఇప్పుడే ఆన్ చెయ్యి, మొదటిసారి 24 గంటల దాకా పట్టొచ్చు. ఇంటర్వెల్లో సినిమా పాటలు వెయ్యొద్దు, కాపీరైట్ అని లైవ్ మధ్యలో ఆపేస్తారు. సన్నాయి వాళ్ళని పిలు, వాళ్ళకీ నాలుగు డబ్బులొస్తాయి.

తెర మీద క్యూఆర్ వేస్తానన్నావు. ఫోన్లో చూసేవాడు తన ఫోన్‌తోనే దాన్ని స్కాన్ చెయ్యడం ఎలారా? యూపీఐ ఐడీ, బ్యాంకు ఖాతా వివరాలు వీడియో కింద రాసి, కామెంట్లలో పైన పిన్ చెయ్యి. విదేశీ నంబరుతో యూపీఐ అన్ని దేశాల నుంచీ నడవదు, అందుకే ఖాతా వివరాలు కూడా తప్పనిసరి. ఖాతా సంఘం పేరు మీదే ఉండాలి. నీ పేరు కనబడితే నిన్నెరిగినవాళ్ళు ఇస్తారు, ఎరగనివాళ్ళు ఆగిపోతారు. కామెంట్లలో ఎవడైనా వేరే నంబరు పెట్టి "ఇక్కడ పంపండి" అంటాడేమో, ఒక కుర్రాణ్ణి దాని మీదే కూర్చోబెట్టు.

ఇంకో ముఖ్యమైనది. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాడు ఏ దేశంలో ఉన్నా తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడు ఇస్తే, విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద మీకు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి అలాంటి డబ్బు ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఈ మాట వీడియో కింద రాయాలి, మైకులో కూడా చెప్పించాలి. డల్లాస్ వాళ్ళలో సగం మంది మొహం మాడ్చుకుంటారు, మాడ్చుకోనీ. నోటీసు వస్తే వాళ్ళెవరూ రారు. ఇక్కడి వాళ్ళకి ఆదాయపు పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు ఇస్తానన్నావు కదా, నగదు 2,000 దాటితే ఆ మినహాయింపు రాదని కౌంటర్లో కూర్చునేవాళ్ళకి చెప్పు. ఏదైనా ఒకసారి మీ ఆడిటరుగారికి చూపించాకే ఖాయం చెయ్యి.

పిల్లల్ని స్టేజీ ఎక్కించి వాళ్ళ కష్టాలు చెప్పిస్తానన్నావు. వద్దురా. హాల్లో అయితే ఆ పూటతో పోతుంది, వీడియో అలాగే ఉండిపోతుంది. రేపు కాలేజీలో ఎవడో అది తీసి చూపిస్తే ఆ పిల్లకి ఎలా ఉంటుంది? లేసు అల్లే వాళ్ళ అమ్మ ఇష్టపడి మాట్లాడతానంటే మాట్లాడనీ, పిల్లల మొహాలు మాత్రం కెమెరాలో వద్దు. ఎంతమందికి ఎంత ఫీజు కట్టారో రసీదుల లెక్క తెర మీద వెయ్యండి, అదే నమ్మకం. నాటకం అయిపోయినా వీడియో తీసెయ్యకు. డ్యూటీలో ఉన్నవాళ్ళు రాత్రికో మర్నాటికో చూస్తారు. సంక్రాంతికి మా హైస్కూలు పాత విద్యార్థుల సభ లైవ్ పెట్టినప్పుడు మర్నాడు కూడా డబ్బులు పడుతూనే ఉన్నాయి. ఆ పేర్లు వాట్సాప్‌లో పెట్టాం.

వచ్చే శనివారం పొద్దున్న సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కుతాను. హాలు తాళం తీయించి ఉంచు, నెట్ స్పీడు చూద్దాం. మైక్ సెట్ ఆయన్ని కూడా రమ్మను, మిక్సర్ వెనకాల ఏ పిన్ను ఉందో చూస్తే గానీ నేను వైరు కొనలేను.

నీ
బావ