పద్మశ్రీ వచ్చిన రోజే గుర్తొస్తారా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ సినిమా పేజీని రోజూ చదువుతాను. కథంతా చెప్పేయకుండా నటన, ఎడిటింగ్ గురించి రాసే మీ సమీక్షలంటే నాకిష్టం. కానీ ఏ సినిమా ఎన్ని కోట్లు వసూలు చేసిందన్న లెక్కలకు మీరిస్తున్న చోటు చూస్తే బాధేస్తోంది. ఆ అంకెలు ఎవరు చెప్పారో, ఎవరు సరిచూశారో వార్తలో ఉండదు.

మరి నాటకానికి చోటేదీ? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటకం ఇప్పటికీ బతికే ఉంది. కుటుంబాలే నాటక సమాజాలై, పిల్లలూ పెద్దలూ కలిసి ఆడుతూ, పాత్రలను తీగల మీద గాల్లోకి లేపి, చూస్తుండగానే తెరలు మార్చేసే ఆ పనితనం మీద ఒక్క మంచి సమీక్ష చదివి ఎన్నాళ్లయిందో! రవీంద్రభారతిలో నాటకం ఆడితే పత్రికలో వచ్చేది ముఖ్య అతిథి దీపం వెలిగిస్తున్న ఫొటో. ఎవరెలా నటించారో, హార్మోనియం ఎవరు వాయించారో ఒక్క ముక్క ఉండదు.

నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో, కిన్నెర వాద్య కళాకారుడు మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు పత్రికలన్నీ రాశాయి. సంతోషం. మిగతా రోజుల్లో? తోలును శుభ్రం చేసి బొమ్మగా ఎలా మలుస్తారు, ఒక్కో ప్రదర్శనకు ఎంత ముడుతోంది, వాళ్ల పిల్లలు నేర్చుకుంటున్నారా, ఇవీ వార్తలే కదండీ.

ఇంకో మాట. ప్రదర్శన అయిపోయాక ఫొటో వేసే బదులు, రెండు రోజుల ముందే తేదీ, వేళ, చోటు, టికెట్ ధర వేయండి. మాలాంటి వాళ్లం పిల్లల్ని తీసుకుని వెళ్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హనుమకొండ